పక్క పేపరు చూసి రాసిన నక్షత్రం

"మీరేం కనిపెట్టేరు మేడం?" అని అడుగుతూ ఉంటారు మీరు. మీరంటే, మా కాలేజీలో నా దగ్గర ఫిజిక్సు చదువుకుని, ఇప్పుడు ఎక్కడెక్కడో పరిశోధనల్లో పడి, గైడు తిట్టినప్పుడల్లా నాకు ఫోను చేసే పిల్లలు. మొన్న ఒకమ్మాయి ఫోనులో ఏడ్చింది కూడాను. మూడేళ్ళ పని తప్పని తేలిందిట. "ఊరుకోవే, నాదైతే సభ పెట్టి మరీ తప్పని తేలింది" అన్నాను. టక్కున ఏడుపాపేసి, ఏంటో చెప్పమని కూర్చుంది. ఫోనులో చెప్పే కథ కాదది. అందుకని ఇలా రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. అందులో సగంమంది ఇప్పటికీ కూరల మార్కెట్టులో ఎదురుపడతారు, మిగతా సగంమంది నన్ను క్షమించేరో లేదో నాకు తెలీదు.

నేను అమలాపురంలో డిగ్రీ కాలేజీ లెక్చరర్ని. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా తాత పరాయివాళ్ళ చేలో కూలికెళ్ళేవాడు. నాన్నగారు మిషను బడిలో చదువుకుని పంతులయ్యేరు. నేను ఎమ్మెస్సీ చదివి ఇక్కడికొచ్చేను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు క్యారేజీ పట్టుకుని స్టాఫ్ రూం గుమ్మందాకా వెళ్ళేసరికి, లోపల ఒక సీనియర్ లెక్చరరుగారు అంటున్నారు: "ఆవిడకేంటండీ, సీటలాగే వచ్చింది, ఉద్యోగం అలాగే వచ్చింది. రేపు డాక్టరేటూ అలాగే వచ్చేస్తుంది." నేను లోపలికెళ్ళేను. సరిగ్గా ఆయనకి ఎదురుగా కూర్చున్నాను. క్యారేజీ విప్పి, అన్నం మెతుకు మిగల్చకుండా తిన్నాను. ఆవేళే అనుకున్నాను. డాక్టరేటు చేస్తాను, అందులో వేలెత్తి చూపించడానికి ఎవ్వరికీ ఇసుమంత సందు ఉండకూడదు. నాకు కోపం తొందరగా రాదండి. వస్తే మాత్రం పదేళ్ళుంటుంది.

విశాఖలో ఒక ప్రొఫెసరుగారు నన్ను చేర్చుకున్నారు. నెమ్మదైన మనిషి, "అమ్మా" అనకుండా మాట మొదలుపెట్టరు. అప్పటికే రిటైర్మెంటుకి దగ్గరపడ్డారు, నేనే ఆయన ఆఖరి స్టూడెంటుని. తెల్ల మరుగుజ్జు నక్షత్రాల మీద పని ఇచ్చేరు. మన సూర్యుడిలాంటి నక్షత్రంలో మండాల్సిందంతా మండిపోయేక మిగిలే ముద్ద అది. మంట ఉండదు, వేడి ఉంటుంది, వందల కోట్ల ఏళ్ళు అలా చల్లారుతూ ఉంటుంది. కొబ్బరి చిప్పలు పెట్టిన పొయ్యి మనందరం చూసిందే కదా, అదే తంతు. ఈ మరుగుజ్జుల్ని మేం గోళాకార తారాగుచ్ఛంలో వెతికేం. అంటే లక్షల నక్షత్రాలు బంతిలా ఒక్కచోట మూగిన గుంపన్నమాట. అందులో ఎర్రటి పెద్ద నక్షత్రాలు జిగేల్‌మని వెలుగుతూ ఉంటే, మన మరుగుజ్జులు వాటి సందుల్లో మినుకు మినుకుమంటూ ఉంటాయి.

వాటిలో ఏ ఒక్కదాని పక్కనైనా చల్లటి తోడు ఏదైనా ఉందా, ఓ చిన్న గ్రహంలాంటిదో, ధూళి వలయమో, అన్నది నేను తేల్చాల్సిన ప్రశ్న. అలాంటిది ఉంటే మామూలు వెలుగులో కనబడదు. కంటికి ఆనని పరారుణ వెలుగులో చూస్తే, ఆ మరుగుజ్జు ఉండాల్సినదానికన్నా ఎక్కువ వెలుగుతూ కనబడుతుంది. ఆ ఎక్కువ వెలుగు కోసమే నా వెతుకులాటంతా.

అమలాపురంలో అంత పెద్ద టెలిస్కోపెక్కడిదీ అని మీరడగొచ్చు. అక్కర్లేదు. ఆకాశంలోకి పంపిన దూరదర్శిని తీసిన ఫొటోలని, కొంతకాలం గడిచేక, అడిగినవాళ్ళందరికీ ఇచ్చేసేవారు. మేం ఉత్తరం రాసేం, సీడీలు పోస్టులో వచ్చేయి. మా డిపార్టుమెంటులో అప్పుడొకటే కంప్యూటరు. దానికో గది, గదికో ఏసీ. చెప్పులు బయట విప్పి లోపలికెళ్ళాలి. మా హెడ్డుగారు దానికి బొట్టు పెట్టి, రోజూ పొద్దున్నే గుమ్మంలో నించుని ఒకసారి కళ్ళారా చూసుకుని వెళ్ళేవారు. మధ్యాహ్నం నా క్లాసులయ్యేక తాళం ఇచ్చేవారు. ఊరికే ఇవ్వరు. "మేడంగారూ, మీ మరుగుజ్జులంతా కులాసాయేనా అండీ?" అని అడిగి, స్టాఫ్ రూమంతా నవ్వేక ఇచ్చేవారు.

"ఆయ్, కులాసాయేనండి. మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నాయండి" అనేదాన్ని.

ఇంక నా తప్పు సంగతి. బుద్ధి గడ్డితిని చేసింది కాదది, అలవాటు కొద్దీ చేసింది.

మా కాలేజీ పరీక్షల్లో పిల్లలు చూచిరాతలు రాయకుండా రెండు రకాల ప్రశ్నపత్రాలిచ్చేవాళ్ళం, ఎ సెట్టూ బి సెట్టూ. ఒకడికి ఎ ఇస్తే పక్కవాడికి బి. పేపర్లు దిద్దేటప్పుడు నేను ముందు కూర్చుని ఎ సెట్టంతా ఒక కట్ట, బి సెట్టంతా ఒక కట్ట కట్టేసేదాన్ని. ఒకే జవాబు వరసగా దిద్దుకుంటూ పోతే చెయ్యి పరిగెడుతుంది. కాలేజీలో అందరికన్నా ముందు మార్కులిచ్చేది నేనే. ఈ కట్టల విద్యలో నాకు చాలా పొగరుండేది, మిగతావాళ్ళకి పాఠం కూడా చెప్పేదాన్ని.

సీడీల్లోంచి కొన్ని వందల ఫొటోలు, మా భాషలో ఫ్రేములు, బయటికొచ్చేసరికి నా చెయ్యి ఊరుకుంటుందా? దూరదర్శిని ఒకసారి ఒక ఫిల్టరు పెట్టి తీసింది, వెంటనే ఇంకో ఫిల్టరు పెట్టి తీసింది, మధ్య మధ్య కాస్త పక్కకి జరిగి మళ్ళీ తీసింది. నేను ఆ వరసంతా విడగొట్టేసి, మొదటి ఫిల్టరు ఫ్రేములన్నీ ఒక కట్ట, రెండో ఫిల్టరువన్నీ ఒక కట్ట చేసేను. ఏది ముందు తీసేరు, ఏది తర్వాత అన్నది నాకు అనవసరం అనిపించింది. నక్షత్రం ఎక్కడికి పోతుందండీ, ముందు తీసినా తర్వాత తీసినా అక్కడే ఉంటుంది కదా అనుకున్నాను. ప్రొఫెసరుగారికి కూడా ఈ పరారుణ కెమెరాలు కొత్తే. "ఇద్దరం కలిసి నేర్చుకుందామమ్మా" అనేవారు. చక్కగా, ఇద్దరం కలిసే తప్పు నేర్చుకున్నాం.

నాలుగేళ్ళు. కరెంటు పోతే యూపీఎస్ కీచుమనేది, అది అరవడం ఆపేలోగా అంతా మూసేసి లేవాలి. వానాకాలంలో ఫోన్లు పోయేవి, రోడ్లు మునిగేవి. విశాఖ వెళ్ళాలంటే బస్సెక్కి రాజమండ్రి, అక్కణ్ణించి రైలు. థీసిస్సు ఇవ్వాల్సిన గడువు రెండుసార్లు పొడిగించేరు, వచ్చే జూన్ ఆఖరు దాటితే ఇంక లేదన్నారు. అరవై పైచిలుకు మరుగుజ్జుల్ని కొలుస్తూ వచ్చేను. నలభై దాకా ఒక్కదాంట్లోనూ ఎక్కువ వెలుగు లేదు. నలభై ఒకటో నంబరు దగ్గరికొచ్చేసరికి ఉంది!

మొదటి ఫిల్టరులో ఉండాల్సినంతే ఉంది. రెండో ఫిల్టరులో భగ్గుమంటోంది. పదిసార్లు కొలిచేను. పదిసార్లూ ఉంది. చెప్పులు వేసుకోవడం మర్చిపోయి కారిడారు చివరిదాకా వెళ్ళిపోయేను. ప్రొఫెసరుగారికి లెక్కలు పంపిస్తే, రెండు వారాలు ఆయనా చూసి, "అమ్మా, ఇది నిలబడితే నేను గర్వంగా రిటైరవుతాను" అన్నారు. ఆ మాటకి నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేయి.

మా హెడ్డుగారికి చెప్పడమే పొరపాటు. వారంరోజుల్లో జిల్లా పేపర్లో నా ఫొటో వచ్చింది, కోనసీమ అధ్యాపకురాలు కొత్త గ్రహాన్ని కనిపెట్టిందని. గ్రహమని నేననలేదండి, ఎవరూ నన్ను అడగలేదు కూడా. రోజూ నా మరుగుజ్జుల్ని ఎగతాళి చేసిన మనిషే ఇప్పుడు వచ్చినవాళ్ళందరికీ గోళాకార తారాగుచ్ఛం అంటే ఏంటో చేతులు తిప్పుతూ చెప్తున్నారు. శనివారం కాలేజీ హాల్లో సన్మానం అన్నారు. ఆహ్వానాలు అచ్చేయించేరు. నాకు లోపల ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. స్టాఫ్ రూములో ఆ సీనియర్ లెక్చరరుగారు నాకు కుర్చీ జరిపేరు. ఆ కుర్చీలో కూర్చుంటే ఎలా ఉందనుకున్నారు!

అది అర్ధసంవత్సరం పరీక్షల సమయం. ఆ బుధవారం మధ్యాహ్నం స్టాఫ్ రూములో నేనూ, మా కెమిస్ట్రీ మేడమూ ఎదురెదురుగా కూర్చుని పేపర్లు దిద్దుతున్నాం. ఆవిడది బండారులంక, నేత పనివారింటి పిల్ల, నాకన్నా పదేళ్ళు చిన్న. నాకున్న ఒకే ఒక స్నేహితురాలు కాలేజీలో. ఉన్నట్టుండి పెన్ను కింద పడేసి పకపకా నవ్వడం మొదలెట్టింది.

"ఏమైందే?"

"ఈ పిల్లాణ్ణి చూడండి మేడం. వీడిది ఎ సెట్టు. గ్రాఫు గియ్యమని అడిగితే చక్కగా గీసేడు, కొలతలు కూడా వేసేడు. కానీ ఆ గ్రాఫు ఎ సెట్టులో లేనే లేదు. బి సెట్టు ప్రశ్నకి జవాబది!"

"ఎక్కణ్ణించి వచ్చింది మరి?"

"ముందు నంబరువాడి పేపరు చూడండి. బి సెట్టు. అదే గ్రాఫు. మావాడు ప్రశ్న చూసుకోకుండా ఎక్కించేసేడు." కళ్ళు తుడుచుకుని, నా బల్ల మీది కట్టలకేసి చూసి అంది: "నేను నంబర్ల వరసలోనే దిద్దుతానండి. అందుకే దొరికేడు. మీలాగా సెట్లవారీగా కట్టలు కట్టేస్తే, ముందువాడు ఎవడో వెనకవాడు ఎవడో, వీడు జన్మలో దొరకడండి."

నేనూ నవ్వేను. ఇంకో పేపరు తీసేను. రెండో ప్రశ్న దిద్దుతూ ఉండగా చెయ్యి ఆగిపోయింది.

ముందు నంబరు ఫ్రేము నేను చూడలేదు.

కంప్యూటరు గదికి పరిగెత్తేను. కరెంటు లేదు. ఆ గుమ్మం దగ్గరే ఒక స్టూలు మీద గంటన్నర కూర్చున్నాను. ఎవరు పలకరించినా ఏం చెప్పేనో గుర్తులేదు. కరెంటొచ్చేక, ఒక్కో ఫ్రేము మొదట్లో అది తీసిన టైము రాసి ఉంటుంది, అవన్నీ చీటీల మీదికి ఎక్కించి, నేల మీద వరసగా పరిచేను. రెండు కట్టలూ కలిపేసి, ఏది ముందు ఏది వెనక అన్నట్టు. నాలుగేళ్ళలో మొదటిసారి.

నలభై ఒకటో నంబరు భగ్గుమన్న ఫ్రేముకి సరిగ్గా ముందు తీసింది మొదటి ఫిల్టరు ఫ్రేము. దూరదర్శిని కాస్త జరగకముందు తీసింది. ఈ ఫొటో గళ్ళ కాగితంలాంటిది, వెలుగు ఒక్కో గడిలో పడుతుంది. నా మరుగుజ్జు తర్వాత వచ్చి కూర్చున్న గడిలోనే, అందులో ఒక ఎర్రటి పెద్ద నక్షత్రం కూర్చుని ఉంది. అడ్డం నంబరు అదే. నిలువు నంబరు అదే.

ఆ కెమెరా గుణం మీకు చెప్పాలి. బాగా వెలుగుండే నక్షత్రం ఒక గడి మీద పడితే, ఫొటో తీయడం అయిపోయినా ఆ గడిలో దాని వెలుగు మరక కాసేపు ఉండిపోతుంది. వెంటనే తీసే ఫ్రేములో అది దొంగ వెలుగై కనబడుతుంది. తర్వాత ఫ్రేములో కొంచెం తగ్గుతుంది. ఆ తర్వాత పోతుంది. నేను ఒక్కో ఫ్రేమూ విడివిడిగా తీసి కొలిచేను. మొదటిదాంట్లో భగ్గుమంది, రెండోదాంట్లో సగమయ్యింది, మూడోదాంట్లో ఏమీ లేదు. నేను ఇన్నాళ్ళూ మూడూ కలిపి సగటు తీసి చూసుకుని మురిసిపోయేను. నా నక్షత్రం పక్క పేపరు చూసి రాసిందండి.

ఏసీ చల్లగా కొడుతోంది, ఒళ్ళంతా చెమట. అక్కడే చీటీల మధ్య కూలబడి ఏడ్చేను. చెప్పుకోడానికి సిగ్గేం లేదు. గ్రహం పోయినందుక్కాదు. "చూసేరా, నేననలేదూ" అని ఒక గొంతు అప్పుడే చెవిలో వినబడుతోంది, అందుకు.

ఎస్టీడీ బూతు నుంచి ప్రొఫెసరుగారికి ఫోను చేసేను. "మనకి దొరికింది ఆ ఒక్కటే కదమ్మా" అన్నారు. తర్వాత మళ్ళీ ఆయనే, "ఇంకోసారి చూసుకో. సభ అయిపోనీ. తొందరేముంది, నెమ్మదిగా రాద్దాం" అన్నారు. ఆయన గొంతు విన్నాక నాకు ఎదురు చెప్పాలనిపించలేదు. సరేనండి అని పెట్టేసేను.

ఆ సరే తెల్లారేదాకా నిలవలేదు. మర్నాడు హెడ్డుగారికి చెప్పేను, సభ ఆపెయ్యమని. ఆయన తలుపు దగ్గరగా వేసేరు.

"మేడంగారూ, మీకేమైనా మతి పోయిందా అండీ? కార్డులు పంచేసేం. ప్రిన్సిపాలుగారు, కమిటీవారు, పేపరువాళ్ళు, అందరూ వస్తున్నారు."

"తప్పండీ అది. లేనిది ఉందని చెప్పేం."

"ఎవరికి తెలుసండీ? ఆ మాట అర్థమయ్యేవాడు ఈ తాలూకాలో మీరు తప్ప ఇంకొకరు లేరు. శాలువా కప్పించుకోండి. రెండు నెలలు పోయేక, లెక్క కొంచెం మారిందని నిదానంగా చెప్దాం. సైన్సులో మారుతూనే ఉంటాయి కదండీ."

అది చెడ్డ మనిషి మాట కాదు, నిజంగానే నా పరువు కాపాడదామనే అన్నారు. ఆయన చెప్పినదాంట్లో ఒక్కటి మాత్రం నాకు ముల్లులా గుచ్చుకుంది. అర్థమయ్యేవాడు లేడు కాబట్టి నడిచిపోతుందన్నారు. నాకొచ్చేవన్నీ అలాగే వస్తాయని కదా స్టాఫ్ రూములో ఆ మాటకి అర్థం. రేపు ఈ నలభై ఒకటో నంబరుతో నేను డాక్టరునైపోతే, ఆ సీనియర్ లెక్చరరుగారన్నది నిజమైపోతుంది. ఆయన్ని పదేళ్ళుగా అబద్ధం చెయ్యాలని చూస్తూ, నా చేత్తో నేనే నిజం చేస్తానా? చెప్తే నవ్వుతారు, చెప్పకపోతే నవ్వరు. అంతే తేడా. నవ్వితే నవ్వనీ.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పేను, శనివారం స్టేజీ మీద ఒప్పేసుకుంటానని. ఆయనకి బ్యాంకులో ఉద్యోగం, మితభాషి. అంతా విని, "అయితే ఆ పట్టుచీర కట్టుకుంటావా, వద్దా?" అని అడిగేరు. అంత కష్టంలోనూ నవ్వొచ్చింది. కట్టుకుంటానన్నాను. కట్టుకున్నాను కూడా.

శనివారం హాలు నిండిపోయింది, మూడొందలమంది ఉంటారు. ముఖ్య అతిథి అంబాజీపేట కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన, మా కాలేజీకి బెంచీలు చేయించిన మనిషి. హెడ్డుగారు నా గురించి అరగంట మాట్లాడేరు. తర్వాత శాలువా విప్పి నా భుజం మీదికి తెస్తున్నారు. నేను చెయ్యడ్డం పెట్టేను. "ఒక్క నిమిషం ఆగండి" అన్నాను. మైకు అందుకున్నాను. ఆయన శాలువా అలాగే పట్టుకుని నిలబడిపోయేరు.

"నేను కనిపెట్టేనని పేపర్లో రాసినది తప్పండి" అన్నాను. "అక్కడ ఏమీ లేదు. నేను పొరపాటు పడ్డాను. ఎలా పడ్డానో చెప్తాను, పిల్లలకి పనికొస్తుంది." అని, సెట్ల సంగతి, కట్టల సంగతి, చూచిరాత సంగతి అన్నీ చెప్పేను. వెనక బెంచీల్లో పిల్లలు చూచిరాత మాట దగ్గర గొల్లున నవ్వేరు. ముందు వరసలో ఆ సీనియర్ లెక్చరరుగారు పక్కాయన చెవిలో ఏదో అన్నారు. ఏమన్నారో నాకు వినబడలేదు, వినబడక్కర్లేదు కూడా. నేను ఆయన్నే చూస్తూ మిగతాది చెప్పేను. ఆయనే తల దించుకున్నారు.

నేను కూర్చున్నాను. ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. ముఖ్య అతిథిగారు మైకు దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నారు. "ఆకాశం సంగతి నాకు తెలీదండి. మాకైతే కుళ్ళుకాయ లోడులో ఉంటే, లారీ ఎక్కకముందే తీసి అవతల పారేసినవాణ్ణే నమ్ముతామండి. ఆవిడ తీసేసేరు. మంచిదే కదండీ?" అని కూర్చున్నారు. ఎవరో చప్పట్లు కొట్టేరు. ఎక్కువమంది కొట్టలేదు.

మా హెడ్డుగారు శాలువా మడిచి బల్లమీద పడేసి వెళ్ళిపోయేరు. మెట్లమీద మాత్రం ఒక్కసారి ఆగి, "నా పరువు తీసేరు మేడంగారూ" అన్నారు. తర్వాత రెండు నెలలు నాతో మాట్లాడలేదు. తాళం అటెండరు చేత పంపించేవారు. మరుగుజ్జుల కులాసా అడిగేవాళ్ళే లేరు. ఆ ఎగతాళి లేకపోతే ఎంత వెలితిగా ఉంటుందో నాకప్పుడు తెలిసింది.

జూన్‌కి ఎనిమిది నెలలు కూడా లేవు. ఒక్క నలభై ఒకటి తప్పయితే మిగతావన్నీ ఒప్పని ఎలా చెప్పను? దొంగ వెలుగు ఒకచోట పడిందంటే ఇంకోచోట నిజం వెలుగుని కప్పేసి ఉండొచ్చు. మళ్ళీ మొదటి ఫ్రేము నుంచి మొదలెట్టేను. ఈసారి టైము వరసలో. ఒక్కో మరుగుజ్జుకీ, ముందు ఫ్రేములో ఆ గడిలో ఎవరు కూర్చున్నారో చూడడం, మరక ఉంటే ఆ ఫ్రేము తీసెయ్యడం, మిగిలినవాటితో మళ్ళీ కొలవడం. రోజుకి ఒక నక్షత్రం, మహా అయితే రెండు. కెమిస్ట్రీ మేడం సాయంత్రం దాకా ఉండి గడుల నంబర్లు చదివేది, నేను రాసుకునేదాన్ని. "నాకొక్క ముక్క అర్థం కావట్లేదండి, అయినా బాగానే ఉంది" అనేది.

జనవరిలో కొత్త టైంటేబులు బోర్డుమీద పెట్టేరు. చూస్తే నా శుక్రవారం, శనివారం ప్రాక్టికల్సు రెండూ హెడ్డుగారి పేరు మీదున్నాయి. ఆయన ప్రయోగశాల గుమ్మం తొక్కి పదేళ్ళయ్యింది. వెళ్ళి అడిగేను.

"నాకు ప్రాక్టికల్సంటే చాలా ఇష్టమండి" అన్నారు, రిజిస్టరులోంచి తల ఎత్తకుండా.

"ఆయ్" అన్నాను. బయటికొచ్చి గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

మే నెలాఖరుకి తేలింది. అరవై నాలుగు మరుగుజ్జులు. ఏ ఒక్కదాంట్లోనూ ఎక్కువ వెలుగు లేదు. అదే నా ఫలితం, లేదు అన్నది. నేను నలభై ఒకటో నంబరు కథ మొత్తం ఒక అధ్యాయంగా రాసేను, తప్పు ఎలా చేసేనో, ఎలా పట్టుకున్నానో. ప్రొఫెసరుగారు ఒప్పుకోలేదు.

"ఇది తీసెయ్యమ్మా. పరిశోధన పేపరుగా ఎక్కడా అచ్చవ్వలేదు కదా. పరీక్షించేవాళ్ళ చేతికి కర్ర మనమే ఇచ్చినట్టవుతుంది."

"కొట్టనివ్వండి సార్. అది తీసేసి డాక్టరేటు తీసుకుంటే నాకు నిద్ర పట్టదు."

ఆయనతో నేను గట్టిగా మాట్లాడింది అదొక్కసారే. అధ్యాయం ఉండిపోయింది.

అదే సంవత్సరం చివర్లో విశాఖలో మౌఖిక పరీక్ష. పైరాష్ట్రం నుంచి ఒక పెద్దాయన పరీక్షకుడిగా వచ్చేరు, తెలుగు రాదు. ఆ పరీక్ష ఎవరైనా వచ్చి వినొచ్చు. నావాళ్ళెవరూ వస్తారనుకోలేదు. మొదలెట్టబోతుంటే వెనక తలుపు తీసుకుని మా హెడ్డుగారొచ్చి ఆఖరి కుర్చీలో కూర్చున్నారు, చేతిలో రైల్లో కొన్న మంచినీళ్ళ సీసాతో. నాకేసి చూడనైనా చూడలేదు.

పరీక్షకుడు గంటసేపు లెక్కలమీద అడిగేరు, చెప్పేను. తర్వాత ఆ అధ్యాయం తెరిచేరు.

"తప్పు నేనే పట్టుకున్నానని ప్రతివాళ్ళూ రాస్తారు" అన్నారాయన ఇంగ్లీషులో. "నా అనుభవంలో ఎవరో పట్టిస్తేనే ఒప్పుకుంటారు. మీరు ఇక్కడ రాసిన తేదీలు తర్వాత రాసుకున్నవి కావని ఏంటి నమ్మకం? ఈ ఒక్కటీ నమ్మలేకపోతే, మిగతా అరవై మూడింటిలో ఏమీ లేదన్న మీ మాట నేనెందుకు నమ్మాలి?"

అదండీ, నేను పదేళ్ళుగా భయపడ్డ ప్రశ్న. మీ మాట ఎందుకు నమ్మాలి? నా దగ్గర చీటీలున్నాయి, లెక్కలున్నాయి. అవన్నీ నేను రాసినవే. ప్రొఫెసరుగారు బల్లకేసి చూస్తున్నారు.

"నేనున్నానండీ" అని వెనక నుంచి వినబడింది. మా హెడ్డుగారు లేచి నిలబడ్డారు. ఆయనకి ఇంగ్లీషు బాగానే వచ్చు, పాఠాలన్నీ అందులోనే చెప్తారు. ఆవేళ మాత్రం ఒక్క ముక్క రాలేదు. తెలుగులోనే చెప్పేరు, ప్రొఫెసరుగారు పక్కనుంచి ఇంగ్లీషులో చెప్తూ వచ్చేరు.

"ఈవిడకి సన్మానం చేసింది నేనేనండి. రెండ్రోజుల ముందే వచ్చి తప్పని చెప్పేరు. ఎవరూ పట్టించలేదు, పట్టించేవాడు మా ఊళ్ళో లేడు కూడానండి. ఊరుకోమని నేనే చెప్పేను. వినలేదు. శాలువా నా చేతిలో ఉందండి, కప్పబోతే చెయ్యడ్డం పెట్టేరు. మూడొందలమంది ముందు చెప్పేసేరు."

పరీక్షకుడు ఆయన్ని ఎగాదిగా చూసేరు. "అప్పుడు మీరేం చేసేరు?" అని అడిగేరు.

మా హెడ్డుగారు సీసా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "రెండు నెలలు ఆవిడతో మాట్లాడలేదండి" అన్నారు. మా ప్రొఫెసరుగారు ఆ ముక్క వదిలేసి ఊరుకోబోతే, "అదీ చెప్పండి సార్, చెప్పండి" అన్నారు.

ప్రొఫెసరుగారు చెప్పేరు. పరీక్షకుడు నావైపు తిరిగి, ఇంక తనకి ప్రశ్నల్లేవని చెప్పి, సంతకం పెట్టడానికి కలం మూత తీసేరు.